తిప్పి పెట్టే ఆర్విల్

ఆర్విల్ టిబెట్స్‌కి ఒకటే జబ్బు: మొదటిసారి పనిచేయని దేన్నీ పారేయడు, తిప్పి పెడతాడు.

ఇది ఆయనకు పాయింట్ ట్వంటీటూ తూటాల నుంచి అంటుకుంది. ఆ చిట్టి తూటాకి రాజుకునే మందు అడుగు అంచు చుట్టూ ఉంటుంది. పిస్టల్ సూది దెబ్బ పడ్డచోట మందు లేకపోతే టిక్కుమని ఊరుకుంటుంది. కాసేపాగి, కొంచెం తిప్పి పెడితే ఒక్కోసారి ఠప్పున పేలుతుంది. అంతే, ఆయనకి లోకమంతా తూటాలాగే కనబడింది. మాడిన రొట్టె తిప్పి తింటాడు. కంచరగాడిద ఎడమవైపు తన్నిందని కుడివైపు వెళ్లి నిలబడ్డాడు. పాపం న్యాయమైన జంతువు, అటూ తన్నింది. మా ఐడహో లోయలో ఎవరి పిస్టల్లో తూటా పేలకపోయినా చేరేది ఆయన ఊరగాయ సీసాలోకే.

తిప్పి చూడకుండా వదిలేసింది, వయసులో మనసుపడ్డ డెల్ఫీన్‌ని ఒక్కదాన్నేనట. ఆవిడ తన మొహం మీద తలుపేసిన రోజు మెట్లు దిగి వచ్చేశాడు. ఆ మాటెత్తితే టోపీ సర్దుకుని వానల గురించి మాట్లాడతాడు.

రంపపు మిల్లు మూతపడి పని పోయాక వెర్నా క్రౌచ్ తుపాకుల తయారీ లైసెన్సు తెచ్చుకుని, తన షెడ్డులోని లేతు యంత్రం మీద ఒక పిస్టల్ తయారుచేసింది. డెల్మర్ దాన్ని తన తుపాకుల దుకాణంలో పెడితే బతుకు, లేదంటే షెడ్డు అమ్ముకోవడమే.

"పిస్టళ్ల సంగతి ఆర్విల్‌కే తెలుసు, ఆయన సరే అంటే పెడతా," అన్నాడు డెల్మర్.

ఆర్విల్ పిస్టల్‌ని కొన్నాళ్లు ఇంట్లో ఉంచుకుని, శనివారం అందరి ముందూ గురిచూసి కాల్చే మైదానానికి తెచ్చాడు. కోటు జేబులోంచి తూటాలు తీసి నింపాడు.

టిక్.

మట్టిగట్టు వైపే గురిపెట్టి కాసేపు ఆగాడు. తీశాడు. తిప్పి పెట్టాడు. ఠప్!

తర్వాతిది టిక్. ఆ తర్వాతిదీ టిక్.

"పిస్టల్ కాదమ్మా, గోడ గడియారం చేశావు," అన్నాడు డెల్మర్.

వెర్నా మొహం ఎర్రబడింది. ఆర్విల్ చేతిలోంచి పిస్టల్ లాక్కుంది.

"ఆగు అమ్మాయ్, నేనింకా చెప్పలేదు..."

"చెప్పక్కర్లేదు! నువ్వొట్టి చెత్త ఏరుకునే ముసలాడివి. అందుకే డెల్ఫీన్ తలుపేసింది!"

ఆర్విల్ టోపీ సర్దుకున్నాడు. వానల గురించి కూడా మాట్లాడలేదు.

మర్నాడు మధ్యాహ్నం డెల్మర్ తలగోక్కుంటూ షెడ్డుకి వచ్చాడు.

"నీ పిస్టల్ నా దుకాణంలో పెడతా."

"ఎగతాళా?"

"లేదమ్మా! ఆయన జేబులోవన్నీ ఊరగాయ సీసాలోవే. నా ఖరీదైన పిస్టల్ రెండేసిసార్లు కొట్టి వదిలేసినవి కూడా ఉన్నాయి. వాటిలోనే ఒకదాన్ని నీది పేల్చింది. మంచి తూటాలు ఇంట్లో పెట్టెలకొద్దీ కాల్చి చూశాట్ట, ఒక్కటీ తప్పలేదు. 'మంచి తూటాలైతే ఏ పిస్టలైనా పేలుస్తుందంటూ నువ్వు బేరమాడతావు, అందుకే చచ్చినవాటితో పేల్చా' అన్నాడు. పేలిన తూటా ఖాళీ గొట్టాన్ని బయటికి లాగే కొక్కెం మాత్రం ఇంకాస్త పదును పెట్టమన్నాడు."

వెర్నా చేతిలోని ఆకురాయి బల్ల మీద పెట్టేసింది. తుపాకీ తయారుచేసిన మనిషికి తెలియదా, పేలిన మాట వెనక్కి రాదని!

అలాగే వెళ్లి ఆర్విల్ ఇంటి తలుపు కొట్టింది. లోపల కుర్చీ కదిలింది గానీ తలుపు తెరుచుకోలేదు. మళ్లీ కొట్టింది. ఉలుకూ పలుకూ లేదు.

మెట్లు దిగింది. గేటు దాకా వెళ్లి ఆగింది. ఇంటి చుట్టూ తిరిగి, ముళ్లకంపలో గౌను చింపుకుని, వెనక తలుపు కొట్టింది.

ఆర్విల్ తెరిచాడు.

"ముందువైపు పేలలేదు," అంది తలదించుకుని. "తిప్పి పెట్టా."

ఆయన నవ్వబోయి, గుమ్మాన్ని పట్టుకుని నిలబడిపోయాడు.

"డెల్ఫీన్ ఇంటికీ వెనక తలుపుండేది."

"ఇప్పుడూ ఉందిగా. బండి తీయనా?"

ఆర్విల్ పెరట్లోకి చూశాడు. అక్కడ కంచరగాడిద తోక ఊపుతోంది.

"తీయి," అన్నాడు టోపీ సర్దుకుంటూ. "రెండువైపులా తన్నించుకున్నవాణ్ణి, నాకేం భయం!"