కింది ఇంటి ఓమా రైలింజనుకు కాటుక

నా చిన్నప్పుడు, అంటే లోకమంతా మూతికి గుడ్డ కట్టుకుని తిరిగిన ఆ కరోనా కాలంలో, మేము జర్మనీలో జిండెల్ఫింగెన్ అనే కార్ల ఫ్యాక్టరీ ఊళ్ళో ఉండేవాళ్ళం. నాన్న ఆ కార్లకు సాఫ్ట్‌వేర్ రాసేవాడు. లాక్‌డౌన్ వచ్చాక పడకగదినే ఆఫీసు చేసుకుని తలుపు వేసుకున్నాడు. నాకు బడి లేదు. తమ్ముడు అప్పుడే పుట్టాడు. వాడి పురుటికని కరీంనగర్ నుంచి వచ్చిన మా అమ్మమ్మ, విమానాలు ఆగిపోవడంతో మాతోనే ఉండిపోయింది. పాపం, చిక్కుకుపోయిందని ఊళ్ళో అందరూ జాలిపడ్డారట. అబ్బో, అసలు చిక్కింది మేము! ఆవిడ నోరు విప్పితే భవనంలో అన్ని వాటాలకూ వినిపించేది. కారం సరిపోలేదని అమ్మతో, కిటికీలు తెరిచావని నాన్నతో, ఇంట్లో జర్మన్‌లో మాట్లాడుతున్నానని నాతో పొద్దస్తమానం పోట్లాటే.

ఆవిడ చేసిన మొదటి పెద్ద పని తమ్ముడికి కాటుక పట్టడం. అమ్మ చేత మందుల దుకాణం నుంచి ఆముదం తెప్పించి, వంటింట్లో దీపం పెట్టి, దాని మీద ఇత్తడి పళ్ళెం బోర్లించింది. ఆ పొగకు పైకప్పులోని అలారం భవనం దద్దరిల్లేలా మోగింది. మర్నాడు బాల్కనీలోకి మారింది గానీ పట్టు మాత్రం వదల్లేదు. పళ్ళానికి పట్టిన మసిని గీకి, ఆముదంలో రంగరించి, చిన్న వెండి భరిణెకు ఎత్తింది. తమ్ముణ్ణి చూడడానికి వచ్చే నర్సు, వాడి కళ్ళకు కాటుక వద్దని గట్టిగా చెప్పింది కాబట్టి, బుగ్గ మీదా అరికాలిలోనూ దిష్టిచుక్కతో సరిపెట్టుకుంది. ఆ భరిణె ఎప్పుడూ ఆవిడ బొడ్డులోనే ఉండేది.

మా కింది వాటాలో ఒక ఐర్లండ్ ఆవిడ ఉండేది. వయసులో ఉండగా జర్మన్‌ను పెళ్ళి చేసుకుని వచ్చి, ఆయన పోయాక కూడా అక్కడే ఉండిపోయింది. జర్మన్‌లో ఓమా అంటే బామ్మ. అందుకని నాకు ఆవిడ కింది ఇంటి ఓమా. ఆ ఊళ్ళో మెట్లు శుభ్రం చేయడం వారానికొక ఇంటివాళ్ళ వంతు. మా వంతు వచ్చినప్పుడు అమ్మమ్మ మన వాకిలి కడిగినట్టే బకెట్లతో నీళ్ళు కుమ్మరించింది. ఆ నీళ్ళు మెట్ల మీద నుంచి జలజలా దిగి ఓమా గుమ్మంలోకి పోయాయి. గొడవ తప్పదని అమ్మ బిక్కచచ్చిపోయింది. ఓమా మాత్రం చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి, పడీపడీ నవ్వింది. ఆ రోజు నుంచి ఒకరి భాష ఒకరికి రాకపోయినా ఆ ఇద్దరికీ బాగా కుదిరింది. మధ్యలో దుబాసీని నేను.

ఓమా బొమ్మ రైలింజను చేసేది. బొమ్మ అంటే బజారులో కొనే ప్లాస్టిక్ బొమ్మ కాదు. ఎండ కాసిన రోజున పెరట్లో చెర్రీచెట్టు కింద బల్ల వేసుకుని, ఇత్తడి రేకును దారమంత సన్నటి రంపంతో కోసేది. రేకు వెనక నుంచి సూదితో నొక్కితే ముందువైపు చీమ తలంత బొడిపె లేచేది. అవి మేకుల గుర్తులట. బల్లకు ఆ చివర ఆవిడ, ఈ చివర మాస్కు పెట్టుకుని నేను. అక్కడి కంటే దగ్గరికి రానిచ్చేది కాదు. చక్రాలు కొట్లో దొరుకుతాయి కదా, ఎందుకు ఇంత తంటా అని ఒకరోజు అడిగాను. ఐర్లండ్‌లో పట్టాల మధ్య ఎడం జర్మనీ కంటే ఎక్కువని, ఇక్కడ దొరికే చక్రాలు తమ ఇంజనుకు పట్టవని, అందుకే అన్నీ చేత్తో చేసుకోవాలని చెప్పింది. మన దేశంలో అంతకన్నా వెడల్పని నాన్న చెప్పినప్పుడు, అమ్మమ్మ ఏదో తనే పట్టాలు వేయించినట్టు మీసం లేని చోట మీసం తిప్పింది.

ఆ ఇంజను ఓమా వాళ్ళ నాన్న నడిపిన ఇంజను. ఏదో మూల ఊళ్ళ మధ్య తిరిగే చిన్న బండిని లాగే ఆవిరింజను. ఒళ్ళంతా బూడిద రంగు, పొట్టి పొగగొట్టం. ఓమా, వాళ్ళ అన్నయ్య చిన్నప్పుడు దాని కూత వింటే చాలు, తింటున్న పళ్ళెం వదిలేసి కంచె దగ్గరికి పరిగెత్తేవాళ్ళట. ఇప్పుడు ఆవిడకు మిగిలిన తోబుట్టువు ఆ అన్నయ్య ఒక్కడే. ఐర్లండ్‌లో వృద్ధుల ఆశ్రమంలో ఉన్నాడు. మతిమరుపు జబ్బు. కరోనా వల్ల ఎవరినీ లోపలికి రానివ్వరు. ఆదివారం మధ్యాహ్నం కాసేపు వీడియోలో చూపిస్తారు. దానికి కూడా ముందుగా టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, తీసుకోవాలి. చూపిస్తే మటుకు ఏం? ఆయన ఓమాను నర్సమ్మా అని పిలిచేవాడు. “ఒక్కసారి నేనెవరో వాడికి తెలిస్తే చాలు. ఇక్కడి నుంచి వెళ్ళే దారి తెరిచేసరికి ఏమవుతుందో,” అని ఓమా నాతో అంది. చిన్నపిల్లతో అంటున్నానన్న సంగతి కూడా మరిచి అంది. అన్నీ మరిచిపోయినా ఆ ఇంజనును మరిచిపోడని ఆవిడ ఆశ. నాకు ఆ ఆశ అంటుకుంది. రోజూ పళ్ళు తోముకోగానే కిందికి పరుగు.

ఇంజను పూర్తయింది. ఎంత ముద్దుగా ఉందని! బూడిద రంగు మీద వెలుతురు పడితే అద్దంలా మెరిసింది. డ్రైవరు నిలబడే గదికి చిన్న గుమ్మం, గుమ్మం పక్కన పట్టుకుని ఎక్కడానికి గుండుసూదంత కమ్మీ. భవనంలో వాళ్ళంతా ఒక్కొక్కరే వచ్చి, దూరం నుంచి చూసి మెచ్చుకుని పోయారు. ఆ ఆదివారం ఓమా మంచి గౌను వేసుకుని, ట్యాబ్ ముందు ఇంజనును పెట్టి చూపించింది. నేను కిటికీ అవతల పెరట్లో నిలబడి వింటున్నాను. ఆయన చాలాసేపు చూశాడు. “బాగుంది బొమ్మ. ఎవరి పిల్లలది?” అన్నాడు మర్యాదగా. ఓమా నవ్వుతూనే ఏదో సర్ది చెప్పింది. మాట్లాడడం అయిపోయాక పెరట్లోకి వచ్చి, బల్ల దగ్గర కూర్చుని ముఖం చేతుల్లో పెట్టుకుంది. పెద్దవాళ్ళు అలా ఏడవగా నేను చూడడం అదే మొదలు. 

బాల్కనీలోంచి చూస్తున్న అమ్మమ్మ, “ఏందే బిడ్డా, గామె ఎందుకట్ల ఏడుస్తున్నది?” అని కేకేసింది. పైకి వెళ్ళి అంతా చెప్పాను. ఆవిడ, “దిష్టి తాకిందే. గంత ముద్దుగున్నదాన్ని అందరు వచ్చి కండ్లార చూసిపాయె. తాకదా మరి?” అని తేల్చేసింది. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

వారమంతా ఓమా అసలు ఇంజను పాత ఫొటో ఒకటి ముందు పెట్టుకుని ఎక్కడ తప్పు జరిగిందో వెతికింది. పొగగొట్టం కొలత సరిచూసింది. గీత కనిపించిన చోటల్లా రుద్ది, మళ్ళీ రంగు వేసి, ముందటికన్నా నున్నగా చేసింది. తరవాతి ఆదివారం ఎండ బాగుందని ట్యాబ్ బల్ల మీదే పెట్టుకుని, కళ్ళజోడు కోసం లోపలికి వెళ్ళింది. నేను బల్లకు కాపలా ఉన్నాను. అమ్మమ్మ గబగబా మెట్లు దిగి వచ్చింది. బొడ్డులోంచి భరిణె తీసింది. నేను “వద్దమ్మమ్మా!” అని అరిచేలోపే బొటనవేలు కాటుకలో ముంచి, తమ్ముడి బుగ్గ మీద పెట్టినంత ప్రేమగా, ఇంజను గుమ్మం పక్కన ఇంత చుక్క పెట్టేసింది. “ఇగ ఏం గాదు,” అంది తృప్తిగా.

ఓమా వచ్చి చూసింది.  ఆవిడ రుమాలు తీసి తుడవబోయింది. ఆముదం కాటుక కదా, పోతుందా? వేళ్ళ జాడలతో కమ్మీ పొడుగునా నల్లగా పాకింది. ఇంకా తుడిస్తే ఇంకా పాకింది. “అయ్యో అమ్మా, ఏం పని చేసినవే!” అని పైనుంచి మా అమ్మ. అంతలో ట్యాబ్ మోగింది. మోగినప్పుడు తీయకపోతే ఆ వారం పోయినట్టే. ఓమా రుమాలు పక్కన పడేసి, ఆ మసి ఇంజనునే చేతిలోకి తీసుకుని చూపించింది.

ఆయన ముందు వారంలాగే చూశాడు. తరవాత కళ్ళు చిట్లించి తెర దగ్గరికి వంగాడు. ఉన్నట్టుండి పెద్దగా నవ్వాడు. “మళ్ళీ చేతులు కడుక్కోకుండానే దిగాడా నాన్న? అమ్మ చూసిందంటే అయిపోయాడే!” అన్నాడు. అని, ఓమాను ఒక పేరు పెట్టి పిలిచాడు. అది ఓమా చిన్ననాటి ముద్దుపేరట, నేను ఎప్పుడూ వినలేదు.  ఓమా ఇంజనును గుండెకు హత్తుకుంది. ఆవిడ మంచి గౌనంతా నల్లనైపోయింది. వాళ్ళిద్దరూ టైము అయిపోయేదాకా నాన్న గురించి, అమ్మ తిట్ల గురించి, వంటింటి తలుపు మీద పడే మసి చేతుల గురించి మాట్లాడుకున్నారు. అమ్మమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా కొంగుతో కళ్ళొత్తుకుంటూ అక్కడే కూర్చుంది.

తరవాత ఓమా నాకు నెమ్మదిగా చెప్పింది. వాళ్ళ నాన్న రోజూ ఇంజను ఎక్కేటప్పుడు పట్టుకునేది సరిగ్గా ఆ కమ్మీయేనట. ఆ ఇంజను ఎన్నడూ శుభ్రంగా ఉన్నది లేదట. “ప్రేమకొద్దీ కడిగేశాను. కడిగి కడిగి మా నాన్ననే తుడిచేశాను,” అంది. ఆ వారం భరిణె అరువడిగి, అమ్మమ్మతో కలిసి ఇంజనుకంతా మసి పూసింది. “గింత మంచిగ చేసి మసి పూసుడేందే?” అని గొణుగుతూనే అమ్మమ్మ పొగగొట్టం పని తనే చూసుకుంది. ఆ పెద్దాయన తరవాతి ఆదివారం మళ్ళీ అన్నీ మరిచిపోయాడు. ఆ పైవారం కాస్త గుర్తొచ్చింది. ఎలా ఉన్నా ఓమా అప్పటి నుంచి కంగారు పడలేదు. ఒక్కసారి అడిగింది, ఒక్కసారి దొరికింది. ఇక అమ్మమ్మ అయితే తన ప్రాణం ఉన్నన్నాళ్ళూ అది దిష్టి తీసినందువల్లే అని నమ్మింది. “నేను జెప్పలే?” అని కనిపించిన వాళ్ళందరితో అనేది. నేను ఏనాడూ కాదనలేదు.

ఇప్పుడు నాకు అప్పటి ఓమా వయసు. అమ్మమ్మ పోయి ఎన్నో ఏళ్ళయింది. మొన్న మా అబ్బాయి ఆవిడ ఫొటోను బాగు చేయించి, పెద్దది చేయించి తెచ్చాడు. నుదుటి ముడతలు లేవు, గారపట్టిన పళ్ళు తెల్లబడ్డాయి, చిట్లించిన కన్ను సరిగ్గా తెరుచుకుంది. మంచి మనసుతోనే చేశాడు పిచ్చినాయన. నేను దాన్ని చాలాసేపు చూసి, “ఈమె ఎవరో చక్కగా ఉంది గానీ, నాకు తెలియదురా,” అన్నాను. పాతదే గోడకు పెట్టించాను. మనవలు వచ్చి ముత్తవ్వ ఎలాంటిదని అడిగితే, దేవత అని చెప్పను. పేకాటలో ముక్కలు కొంగులో దాచేదని, కూరలో కారం గురించి మా అమ్మను ఏడిపించేదని, ఫోనులో డాక్టరును తిట్టి పెట్టేసేదని చెప్తాను. వాళ్ళు పకపకా నవ్వుతారు. నాకు ఆవిడ మీద బెంగ పొంగుకొస్తుంది, ఇంకొకటి చెప్తాను.