మొక్కుకున్న జుట్టు

నాగలమడికలోని మా ఫ్యాన్సీ అంగడికి వచ్చే ఆ అక్క సోలార్ పార్కులో ప్యానెళ్ల కింద గడ్డి కోసేది. రాగానే నడుము దాటిన జడను ముందుకు లాక్కుని, కొసను గాజు బల్ల మీద పెట్టేది. ఒక చేత చవక షాంపూ ప్యాకెట్టు, ఇంకో చేత ఖరీదైన సీసా పట్టుకుని జడనే అడుగుతున్నట్టు నిలబడేది.

"ఏది తీసుకోమంటావప్పా?"

సీసా అంటే, "కూలోళ్లకి అంత రేటుది ఎందుకప్పా?" అనేది. ప్యాకెట్టు అంటే మొహం చిన్నబుచ్చుకునేది. ఒకరోజు నాకు విసుగొచ్చింది.

"నీ జుట్టే కదక్కా, ఏదైతే ఏంది?"

"నాదెట్లయితాది? మా కూతురి కాన్పు బాగా అయితే కొండకి తలనీలాలిస్తానని మొక్కుకోనుండా. ఇది స్వామిది. నా తల మీద ఉండాది, అంతే."

ఆ రోజు సీసానే కొనింది.

కాన్పు బాగానే అయింది. కొండకి వెళ్లొచ్చిన కొన్ని నెలలకు వేలెడు జుట్టుతో అంగడికి వచ్చింది. అలవాటుగా చేయి వెనక్కి పోయింది గానీ లాక్కోవడానికి జడ లేదు. నేను సీసా తీసి ముందు పెట్టాను.

"ప్యాకెట్టియ్యిప్పా. ఇప్పుడు మొలిచేది నాదే కదా!" అని నవ్వింది.

ఒక చేత సీసా, ఇంకో చేత ప్యాకెట్టు పట్టుకుని, ఆమె జుట్టుకైతే చవకదేనా అనుకుంటూ ఈసారి నేను నిలబడ్డాను.