విమానంలో ఇచ్చిన దూది

ఆదోని పత్తి మార్కెట్‌కు పోయి బసప్ప ఎక్కడ అని అడిగితే, ఏ బసప్ప అంటారు. విమానం బసప్ప అంటే మాత్రం హమాలీ దగ్గర్నుంచి గుమాస్తా దాకా అందరూ ఒకే వైపు చెయ్యి చూపిస్తారు. ఆయన పని పత్తి నాణ్యం చూడటం. మూటలోంచి పిడికెడు లాగి, రెండు బొటనవేళ్ళ మధ్య సాగదీసి, గోటి మీద పరుచుకుని, పింజ, అంటే దూది పోగు, పొడుగెంతో చెప్పేస్తాడు. పింజ ఎంత పొడుగైతే పత్తి అంత మేలు. కొలబద్ద అక్కర్లేదు. అరవై మూడేళ్ళు మీద పడ్డా ఆ వేళ్ళు ముసలివి కాలేదు. అయినా ఆయనకు పేరొచ్చింది ఆ వేళ్ళ వల్ల కాదు. జీవితంలో ఒకే ఒక్కసారి, గంటన్నర సేపు, గాల్లో కూర్చున్నందువల్ల.

దగ్గర దగ్గర నలభై ఏళ్ళ కిందటి మాట. తనను పనిలో పెట్టుకున్న పత్తి సేటుతో కలిసి ఏదో పని మీద హైదరాబాదు పోయి ఉన్నాడు. బొంబాయి నుంచి ట్రంకాల్ వచ్చింది. మీ పత్తి బేళ్ళలో పింజ పొట్టిగా ఉంది, వెనక్కి పంపుతున్నాం అని మిల్లువాళ్ళు. సాయంత్రంలోగా మనిషి పోయి ముఖాముఖి పింజ తీసి చూపిస్తే తప్ప పని జరగదు. సేటుకు విమానమంటే భయం. బసప్పను బేగంపేటలో ఎక్కించి పంపాడు. పంచె, కిర్రు చెప్పులు, చంకలో పత్తి నమూనాల సంచి.

అక్కడ అందరూ పెళ్ళికి పోతున్నట్టు తయారై ఉన్నారట. ఒక్కడు ఎక్కుతుంటే పది మంది సాగనంపడానికి వచ్చారట, దండలతో సహా. విమానంలో పట్టుచీర కట్టుకున్న పిల్ల చేతులు జోడించి నమస్కారం పెట్టింది. బసప్పకు ఒకరు చేతులు జోడించడం అదే మొదలు. కూర్చున్నాక ఆ పిల్లే ఒక పళ్ళెం తెచ్చింది. దాని మీద చాక్లెట్లు, పక్కన చిన్న చిన్న దూది ఉండలు.

బసప్ప ఏమనుకున్నాడంటే, పత్తి మనిషి వస్తున్నాడని సేటు ముందే వీళ్ళకు ఫోన్ చేసి చెప్పి ఉంటాడు, నాణ్యం చూడమని తెచ్చారు అని. ఒక ఉండ తీశాడు. సాగదీశాడు. గోటి మీద పరిచాడు. తల అడ్డంగా ఊపి, వచ్చిన తురకంలో గట్టిగా చెప్పాడు: "ఏ ఆదోనీ కా మాల్ నహీ హై బెహన్‌జీ. పొట్టి పింజ!"

విమానమంతా నవ్వు. అది చెవుల్లో పెట్టుకునేదని పక్కనున్నాయన పెట్టుకుని చూపించాడు. అయినా బసప్ప పెట్టుకోలేదు. సేటుకు చూపిద్దామని జేబులో దాచుకున్నాడు. మూడు రోజులు చెవులు పోటు. కానీ బొంబాయిలో బేళ్ళు నిలిచాయి.

ఈ కథను ఆయన నలభై ఏళ్ళుగా పొద్దున పూట, మార్కెట్ గేటు పక్క బొరుగుల ఉగ్గాని, బజ్జీలు అమ్మే బండి దగ్గర చెబుతున్నాడు. కొత్త రైతు వస్తే పాత రైతులే అడిగి మరీ చెప్పించేవాళ్ళు. మక్కాకు పోయేవాళ్ళు, దుబాయికి పోయేవాళ్ళు పోయే ముందు ఆయన దగ్గరికి వచ్చి మాట తీసుకుని పోవడం ఒక ఆచారమైపోయింది. "దూది ఇస్తారు. చెవుల్లో పెట్టుకోండప్పా, నా మాదిరి జేబులో ఏసుకోగాకండి" అని చెప్పి పంపేవాడు. తిరిగొచ్చినవాళ్ళు పెద్దాయనకు ఖర్జూరాలు ఇచ్చి పోయేవాళ్ళే గాని, దూది ఇవ్వలేదన్నా అని ఎదురు చెప్పినవాడు లేడు. ఇక ఆ దూది ఉండ అంటారా, అది లేదు. ఒక కార్తీక సోమవారం ఇంట్లో దూది అయిపోతే భార్య హుసేనమ్మ దాన్నే వత్తి చేసి దేవుడికి వెలిగించింది. ఆ రోజు బసప్ప అన్నం తినలేదు.

అలాంటి మనిషికి తోడల్లుడి రూపంలో గండం వచ్చింది.

రామన్న హుసేనమ్మ చెల్లెలి మొగుడు. ఎమ్మిగనూరులో దుప్పట్ల అంగడి. బసప్ప కంటే ఎనిమిదేళ్ళు చిన్న, నోరు మాత్రం ఎనిమిదేళ్ళు పెద్ద. రామన్న కూతురు సునీతకు విశాఖపట్నంలో బ్యాంకు ఉద్యోగం. కర్నూలు పక్కన ఓర్వకల్లులో విమానాలు దిగడం మొదలయ్యాక ఆ పిల్ల ఫోన్లోనే టికెట్టు తీసి తండ్రిని పిలిపించుకుంది. ఒకసారి కాదు, మూడుసార్లు.

మొదటిసారి ఫోటోలు చూసి బసప్ప బాగుందప్పా అన్నాడు. రెండోసారి కళ్ళద్దాలు ఇంట్లో మరిచి వచ్చానన్నాడు. మూడోసారి రామన్న మోకాళ్ళ నిక్కరు, రబ్బరు చెప్పులు వేసుకుని విమానం మెట్ల మీద నిలబడిన ఫోటో పంపాడు. బసప్పకు కడుపులో పచ్చిమిరపకాయ నూరినట్టయింది. విమానం ఎక్కినందుకు కూడా కాదు, రబ్బరు చెప్పులతో ఎక్కినందుకు. తనను దేవుడి గుడిలోకి రానిచ్చినట్టు రానిచ్చిన చోటికి, వీడు ఆర్టీసీ బస్సు ఎక్కినట్టు ఎక్కాడు. తాను నలభై ఏళ్ళు ఒక్క ప్రయాణాన్ని దాచి దాచి వాడుకున్నాడు. వీడు ఆర్నెల్లలో మూడు ఖర్చు పెట్టాడు.

ఆ మంట మీద పెట్రోలు అత్తగారి సంవత్సరీకం నాడు పడింది. ఎమ్మిగనూరులో అందరూ భోంచేసి చాపల మీద కూర్చున్నారు. ఎవరో కూతురు వరస పిల్ల, "పెదనాయనా, నీ విమానం కత సెప్పు" అంది. బసప్ప గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. సరిగ్గా పళ్ళెం దగ్గరికి వచ్చేసరికి రామన్న పళ్ళు కుట్టుకుంటూ అందుకున్నాడు.

"అన్నా, మూడు మాట్లు పొయ్యొచ్చినాను. నాకేం దూది ఇయ్యలేదే!"

"నీకియ్యకపోతే నేనేం సేసేది? మనిషిని సూసి ఇస్తారేమో."

"మనిషిని సూసేదేంది? తినేదంతా ఆడ కొనుక్కోవల్ల. చాక్లెట్టు లేదు, దూది లేదు. నువ్వు ఆసుపత్రికి పోయి విమానం అనుకున్నావేమో!"

చాపలన్నీ నవ్వాయి. ఆ వరస పిల్ల కూడా నవ్వింది. అత్త కొట్టినందుకు కాదు తోటికోడలు నవ్వినందుకు అన్నట్టు, బసప్పకు రామన్న మాట కంటే వంటింటి గడపలో హుసేనమ్మ నవ్వుకు కొంగు అడ్డం పెట్టుకోవడం ఎక్కువ కాలింది.

"అంటే నేను నలభై ఏండ్లు అబద్దం సెప్పినానంటావు?"

"నేనన్లేదు. ఊరికే సాచ్చికం యాడుందా అంటాండాను."

"సాచ్చికాన్ని మీ వదిన దేవుని కాడ కాల్చినాది!"

ఇంకోసారి నవ్వు. బసప్ప లేచి నిలబడ్డాడు. "నీ తోడే వస్తాను. నువ్వెక్కే విమానమే. దూది ఇస్తే నీ మీసం సగం తీయించుకోవల్ల."

"తీస్తా. ఇయ్యకపోతే?"

బసప్ప దగ్గర పందెం కాయడానికి వేరే ఏముంది? "ఇయ్యకపోతే ఆ కత మళ్ళా యాడా సెప్పను. ఉరుకుంద ఈరన్న మీద ఆన."

ఈరన్న పేరెత్తేసరికి నవ్వులు ఆగిపోయాయి. ఆ ప్రాంతంలో ఆ స్వామి మీద ఆన పెట్టి తప్పినవాడు లేడు. హుసేనమ్మ గడపలోంచి అంది: "పోండి, ఇద్దరూ పోండి. పైనుంచి ఒకర్నొకరు తోసుకోగాకండి."

నెల తిరక్కుండా ఇద్దరూ విశాఖపట్నం పోవడానికి ఓర్వకల్లు విమానాశ్రయం చేరారు. బసప్ప ఉతికి గంజి పెట్టిన పంచె, తెల్ల చొక్కా, కొత్త తువ్వాలు. రామన్న అదే నిక్కరు. లోపల అడుగుపెట్టింది మొదలు బసప్పకు ఒక్కటీ పాతది కనపడలేదు. సాగనంపేవాళ్ళను గేటు బయటే ఆపేశారు. టికెట్టు ఏదని అడిగితే రామన్న ఫోను చూపించాడు, అది కీచుమంది, పొమ్మన్నారు. బెల్టు విప్పమన్నారు, చెప్పులు విప్పమన్నారు. రామన్న అన్నీ తనవే అన్నట్టు చకచకా ట్రేలో పడేసి, "ఇట్లరా అన్నా, చేతులెత్తు అన్నా, భయపడగాకన్నా" అంటున్నాడు. భయపడగాకన్నా! రామన్న ఎమ్మిగనూరులో దారం కండెలు చుట్టుకునే వయసులో బసప్ప బొంబాయి చూసి వచ్చాడు.

పోలీసాయన బసప్ప జేబు తడిమి మెత్తగా ఏదో తగిలితే బయటికి తీయించాడు. పిడికెడు పత్తి. మార్కెట్ మనిషి జేబులో అది ఎప్పుడూ ఉంటుంది.

"యే క్యా హై?"

"కపాస్ సాబ్. పొడుగు పింజ."

పోలీసాయన రామన్న వైపు చూశాడు. రామన్న తన తల పక్కన వేలు తిప్పాడు. బసప్ప అది చూశాడు, లెక్కలో పెట్టుకున్నాడు.

విమానం చిన్నది, రెక్కలకు ఫ్యాన్లున్నాయి. కిటికీ సీటు రామన్నది. అడిగితే ఇచ్చేవాడే, కాని బసప్ప అడగలేదు, అతను ఇవ్వలేదు. ఎవరూ ఎవరికీ నమస్కారం పెట్టలేదు. నిలబడ్డవాడు కూర్చోకముందే ఫోను చూసుకుంటున్నాడు. పక్క వరసలో ఒకాయన టిఫిన్ డబ్బా విప్పి పులిహోర తింటున్నాడు. బసప్ప కళ్ళు మాత్రం ముందున్న తెర మీదే ఉన్నాయి. ఆ పళ్ళెం అక్కడి నుంచే రావాలి.

తెర కదిలింది. బండి వచ్చింది. బండి మీద పల్లీల డబ్బాలు, నీళ్ళు పోస్తే ఉడికే సేమ్యా గ్లాసులు. తోస్తున్న పిల్లకు ఇరవై రెండు కూడా ఉండవు.

"అమ్మా, దూది?" అన్నాడు బసప్ప.

"సార్?"

"దూదమ్మా. చెవుల్లోకి. చాక్లెట్లతో పాటు ఇస్తారు గదా."

"దెబ్బ తగిలిందా సార్? ఫస్ట్ ఎయిడ్ తీసుకురానా?"

"దెబ్బ గాదు పాపా" అన్నాడు రామన్న కిటికీ దగ్గర్నుంచి, "మా అన్నకు జ్ఞాపకాలు!" ఆ పిల్ల అర్థం కాకపోయినా నవ్వి, బండి తోసుకుంటూ పోయింది. రామన్న మీసం దువ్వుకున్నాడు. ఒక వైపు, మళ్ళీ రెండో వైపు. దానికంటే నోటితో ఏమైనా అని ఉంటే బసప్ప ఓర్చుకునేవాడు.

కథ పోయింది. నలభై ఏళ్ళు అన్నం పెట్టకపోయినా మర్యాద పెట్టిన కథ, ఫోన్లో కీచుమనే టికెట్టు దగ్గర పోయింది. రేపట్నుంచి మార్కెట్లో విమానం రామన్న అంటారు. రామన్న మార్కెట్‌కు రాకపోయినా అంటారు.

విమానం కిందికి దిగడం మొదలైంది. రామన్నకు రెండు రోజులుగా జలుబు. ముందు ఒక చెవి పట్టుకున్నాడు. తర్వాత రెండూ. తర్వాత ముఖం ముడుచుకుపోయి, కళ్ళలో నీళ్ళు తిరిగి, "అన్నా, చెవులు పగిలిపోతాండాయన్నా" అన్నాడు.

బసప్ప జేబులో పత్తి ఉంది. నిమ్మ తొనల బిళ్ళలు కూడా ఉన్నాయి. పళ్ళెం వస్తుందో రాదో అని ఇంటి దగ్గరే ఎందుకో వేసుకున్నాడు. చెయ్యి జేబు దాకా పోయింది, అక్కడే ఆగింది. ఆయన దుర్మార్గుడు కాదు. కాని ఆ నిక్కరు, ఆ రబ్బరు చెప్పులు, తల పక్కన తిరిగిన ఆ వేలు ఆయన చెయ్యిని పట్టుకున్నాయి.

"ఆ పొద్దు నాకు దూది ఇచ్చినారా, లేదా?"

"అన్నా, సస్తాండాను..."

"ఇచ్చినారా, లేదా?"

"ఇచ్చినారు! ఇచ్చినారన్నా! ఈ పాప కాదు, దీని అవ్వ ఇచ్చింటాది! నువ్వేం తెచ్చినావో ఇయ్యి!"

బసప్ప బిళ్ళ రామన్న నోట్లో పెట్టి, "సప్పరించు, ఉమ్మి మింగతా ఉండు" అన్నాడు. పత్తిని రెండు ఉండలు చేసి, చెవులకు తానే పెట్టాడు. పెట్టే ముందు అలవాటు కొద్దీ సాగదీసి చూశాడు. "బిన్నా పెట్టన్నా!" అని రామన్న తొందరపెడుతూ ఏడ్చాడు.

పందెం మాత్రం పందెమే. దూది విమానంవాళ్ళు ఇవ్వలేదు. మీసం నిలిచింది, ఆన తగులుకుంది. బసప్ప తిరిగొచ్చాక ఉగ్గాని బండి దగ్గర ఎంతమంది అడిగినా నోరు విప్పలేదు. వారం చూశారు, పది రోజులు చూశారు. పొద్దున్నే బండి చుట్టూ మూగేవాళ్ళు తగ్గిపోయారు.

అప్పుడు రామన్న వచ్చాడు. దుప్పట్ల మూట దింపించడానికి ఆదోని వచ్చి, అన్నను పలకరిద్దామని మార్కెట్‌కు వచ్చాడు. రైతులు చుట్టుకున్నారు. విమానం అన్న మాట్లాడటం లేదు, నువ్వన్నా సెప్పప్పా అన్నారు.

రామన్న చెప్పాడు. మోసం చేయలేదు పాపం, కావాలని తనవి ఏమీ కలుపుకోలేదు. చెవి నొప్పి సంగతి చెప్పి, "మా అన్న సెప్పింది అచ్చరాలా నిజం. నన్ను కాపాడినాది ఆ దూదే" అని, అక్కడి నుంచి పాత కథలోకి పోయాడు. బేగంపేట, దండలు, పట్టుచీర పిల్ల, పళ్ళెం. గొంతు మార్చాడు, చేతులు తిప్పాడు. బసప్ప చెప్పినప్పుడు ఎప్పుడూ రానంత నవ్వు వచ్చింది. బండివాడు బజ్జీలు మాడబెట్టుకుని విన్నాడు.

బసప్ప ఉగ్గాని పొట్లం పట్టుకుని నిలబడ్డాడు. తన మాట నిజమని పదిమందిలో తోడల్లుడే ఒప్పుకుంటున్నాడు, అందుకు సంతోషించాలి. సంతోషం రాలేదు. తన పెళ్ళాం చెల్లెల్ని చేసుకున్నది చాలక తన కథను కూడా చేసుకున్నాడు వీడు అనిపించింది.

"అప్పుడు మా అన్న ఆ దూది ఇట్ల సాగదీసినాడు" అన్నాడు రామన్న గాల్లో చేతులు ఆడిస్తూ, "సూసి, బెహన్‌జీ, ఏ ఆదోనీ కా మాల్ హై, పొడుగు పింజ అన్నాడు!"

అందరూ నవ్వారు. బసప్ప ఆనాడు కాదన్నదాన్ని వీడు అవుననేశాడు. ఆదోని మాల్ అట! పొడుగు పింజ అట! నోరు తెరిచాడు. ఈరన్న గుర్తొచ్చాడు. నోరు మూశాడు.

పొట్లం పక్కన పెట్టి, చేతులు తువ్వాలుకు తుడుచుకున్నాడు. ముందున్న రైతును పక్కకు జరిపి, రామన్న ముందు నిలబడ్డాడు. జేబులోంచి పత్తి తీశాడు. పిడికెడులోంచి చిటికెడు లాగి, దాన్ని మధ్యకు తుంచి, కావాలని పొట్టి చేశాడు. రెండు బొటనవేళ్ళ మధ్య సాగదీశాడు. గోటి మీద పరిచి, రామన్న ముక్కు కిందికి, ఆ నిలిచిన మీసం దగ్గరికి తెచ్చి పట్టాడు. తల అడ్డంగా ఊపాడు, ఆనాడు విమానంలో ఊపినట్టే.

నవ్వుతున్నవాళ్ళు ఆగి, ఆ గోటి మీదికి వంగి చూశారు.

"పొట్టి పింజ గదన్నా ఇది" అన్నాడు ఒక కౌతాళం రైతు.

బసప్ప ఆ రైతు భుజం మీద చెయ్యి వేసి, రామన్న వైపు చూస్తూ, మళ్ళీ ఉగ్గాని అందుకున్నాడు.