జెస్సీ చదవగలిగే ఆజ్ఞలు

ఎడ్వర్డ్ ఏ పని మొదలుపెట్టినా ముందు వంగి, మోకాలి కింది ఎముక మీద బొటనవేలితో నొక్కేవాడు. వాపు మీద పడిన గుంట పూడేదాకా చూసేవాడు. తర్వాతే కీబోర్డు ముట్టేవాడు.

పలాస స్టేషన్ రోడ్డులో అతనిది ఒక్క కంప్యూటర్ ఉన్న టైపు షాపు. ఉద్దానం ఊళ్ళ కిడ్నీ రోగులు సాయం కోరుతూ పెట్టుకునే అర్జీలే ఎక్కువ. పేరు, ఊరు, రక్తపరీక్ష అంకె మారతాయి; మిగతాదంతా ఒక్కటే. ఒక్క మీట నొక్కితే పది పనులు వరసగా జరిగేలా వర్డ్‌లో మాక్రోలు రాసుకున్నాడు. అవి ఇంగ్లీషులో ఉండేవి. అతనికి తప్ప ఎవరికీ అర్థమయ్యేవి కావు.

2003 వానాకాలంలో అతని రక్తపరీక్ష అంకె కూడా పెరిగింది. రెండు వారాల తర్వాతి సోమవారం నుంచి వారానికి రెండుసార్లు విశాఖ వచ్చి డయాలసిస్ చేయించుకోవాలన్నారు డాక్టర్లు. అతను లేని రోజు షాపు నడవకపోతే ఆ ప్రయాణానికి డబ్బే ఉండదు. నడపాల్సింది భార్య జెస్సీ. మేనమామ కూతురే. జీడి ఫ్యాక్టరీలో పప్పు ఏరుతూ పెరిగింది. తెలుగు చదవగలదు, అంతే.

పదిరోజులు కూర్చుని ఇంగ్లీషు ఆజ్ఞలన్నిటికీ తెలుగు మాటలు కట్టాడు. ఆ మాటలు ఒక పేజీలో రాస్తే కంప్యూటర్ ఒక్కో వరుసా చదివి చేస్తుంది. ఆదివారం ఆరాధన అయ్యాక జెస్సీని కూర్చోబెట్టాడు.

ఆమె పైకి చదివింది. "పేరును ఎంపిక చేయుము. పాతదానిని తొలగించుము. కొత్తదానిని చొప్పించుము." ఆగింది. "ఏటిది బావా, పాస్టరు గారి సేత రాయించినావా?"

"తప్పేటుంది?"

"తప్పు లేదు. వాక్యం విన్నట్టుంది. పని సెప్పినట్టు లేదు."

"మరెలా సెప్పాలి?"

"ఏరు. తీసెయ్. పెట్టు. పక్కకి జరుగు. మా మేస్త్రి సెప్పేది అంతే."

అతను మాటలన్నీ మార్చాడు. ఆమె సొంతంగా రాసింది: పేరు ఏరు, తీసెయ్, కొత్తది పెట్టు, ఊరు కూడా అలాగే. కంప్యూటర్ కదలలేదు.

"అలాగే అంటే దానికి తెల్దు జెస్సీ. సెప్పిందే సేత్తాది."

"సెప్పకుండా సేసేది ఈ ఇంట్లో నానొక్కర్తినే కాబోలు."

పాత అర్జీలు పెట్టుకుని సాధన చేసింది. నాలుగు కుదిరాయి. అయిదోదానిలో ఊరి పేరు లేదు. తెర మీద చిన్న పెట్టె తెరుచుకుంది. తప్పు వచ్చినప్పుడు కనిపించే ఆ వరుస ఒక్కటీ అతను మార్చడం మరిచాడు. "ఎడ్వర్డ్‌ను పిలువుము."

"బావా," అంది. అతను వెనక బల్ల మీదే ఉన్నాడు.

"బావా, నిన్ను పిలవమంటంది."

"నేను లేననుకో."

"ఉన్నావు కదా."

"లేననుకో జెస్సీ."

ఆమె మీటల మీది చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "అదొక్కటీ అనుకోలేను. ఇంకేటైనా సెప్పు, సేత్తాను."

ఆ పూట మళ్ళీ కీబోర్డు ముట్టలేదు.

మరునాడు ఉదయం, రైలుకు అరగంట ముందు అతను షాపు తెరిచాడు. పిలువుము అన్న ఆ వరుసలో తన పేరు చెరిపాడు. దాని చోట పెట్టాల్సిన మాట కోసం కాసేపు కూర్చున్నాడు. దొరకలేదు. ఖాళీగానే సేవ్ చేసి, తాళంచెవి వెనకాలే వచ్చిన జెస్సీ చేతికిచ్చి, స్టేషన్ వైపు నడిచాడు.