సిమెంటు పాపకి పెట్టిన ఎర్రచుక్క

ఆ రోజుల్లో నాకు కోపం రావడానికి కారణం అక్కర్లేదు, తెల్లవారితే చాలు. ఇరవై రెండేళ్ళ వయసు, కొత్త ఉద్యోగం, చేతిలో సర్కారు ఇచ్చిన ఫోను, నడుముకి బీరువా తాళంచెవి. తమిళనాడులో, మారండహళ్ళిలో బస్సు దిగి లోపలికి రెండు మైళ్ళు నడిస్తే వచ్చే మా ఊరి బాలవాడికి (మీ వైపు అంగన్వాడీ అంటారు) నేనే టీచర్ని. కోపంగా ఉంటేనే బాధ్యతగా ఉన్నట్టు అని నాకు ఎవరు చెప్పారో తెలియదు గానీ, గట్టిగా నమ్మాను. ఆయా పొయ్యి ఆలస్యంగా వెలిగిస్తే కోపం, పిల్లలు ముక్కు చీది నా చీరకొంగుకి తుడిస్తే కోపం, ఫోనులో సిగ్నలు లేకపోతే ఆకాశం మీద కోపం. ఇప్పుడు ఇది రాస్తుంటే కూడా కొంచెం కోపంగానే ఉంది. (మా ఇళ్ళలో మాట్లాడేది తెలుగే అయినా చదివింది తమిళం. ఈ అక్షరాలు ఈమధ్య కుప్పంలో ఉండే మా పిన్ని కూతురు నేర్పినవి. తప్పులుంటే దాన్ని అడగండి.)

బాలవాడిలో నెలకొకసారి పిల్లల ఎదుగుదల చూసి ఫోనులో ఎక్కించాలి. బరువు, ఎత్తు అంటే సరే, ఒకటి తక్కెడ చెబుతుంది, ఒకటి గోడమీది గీత చెబుతుంది. చిక్కంతా మిగతా పట్టికతోనే. మూడేళ్ళు దాటిన బిడ్డ ఆరు చెక్క దిమ్మెలు ఒకదానిమీద ఒకటి నిలబెడుతుందా, నాలుగు రంగులు చెబుతుందా, ఒంటికాలి మీద నిలబడుతుందా, ఇలాంటివి. చేస్తే పచ్చచుక్క, అటూ ఇటూగా చేస్తే పసుపుచుక్క, చేయకపోతే ఎర్రచుక్క. ఆ దిమ్మెల పెట్టె బీరువాలో ఉండేది, బీరువా తాళం నా నడుముకి ఉండేది. స్టాకు రిజిస్టరులో పన్నెండు అని రాసి ఉంది కాబట్టి పన్నెండూ ఉండి తీరాలి, ఒకటి తగ్గితే సంజాయిషీ రాయాలి. అందుకని అవి నెలకొక్క రోజే, పట్టిక నింపే రోజే, బయటి గాలి పీల్చేవి. దుకాణంలోంచి అప్పుడే తెచ్చినట్టు ఉన్నాయని సూపర్వైజరు మేడం నన్ను మీటింగులో మెచ్చుకుంది. ఆ మెప్పుని నేను ఇంటికి మోసుకుపోయి, అన్నం తినేటప్పుడు మా అమ్మకి రెండుసార్లు చెప్పాను.

అలాంటి నా రాజ్యంలోకి సిమెంటు పాప వచ్చింది. పేరు వేరే ఉంది. కానీ తలలో ఎప్పుడూ బూడిద రంగు దుమ్ము ఉండేది కాబట్టి మా ఆయా ఆ పేరు పెట్టింది, అదే నిలిచిపోయింది. తండ్రి మేస్త్రి, తల్లి అదే పనిలో ఇటుకలూ గమేళాలూ మోసేది. ఇద్దరూ పొద్దున్నే బస్సెక్కి హోసూరు పోయేవాళ్ళు. పాప పుట్టినప్పటి నుంచి వాళ్ళతోనే కట్టడాల దగ్గర పెరిగింది. మూడున్నరేళ్ళు వచ్చాక వాళ్ళ అవ్వ తెచ్చి మా దగ్గర వదిలింది. ఆ పిల్ల ఏడవలేదు, ఆడలేదు, చేతులు కట్టుకుని నిలబడి మమ్మల్ని అజమాయిషీ చేస్తున్నట్టు చూసేది. పొద్దున రాగానే వంటగది గోడ దగ్గరికి పోయేది. ఆ గోడకి కిటికీ కింద నుంచి నేల దాకా నిలువునా ఒక చీలిక ఉండేది, అక్కడ పూత ఊడి ఇటుకలు కనిపించేవి. ఆ చీలికలో వేలు పెట్టి పైనుంచి కిందికి గీసుకుంటూ పోయేది. నేను ఫోనులో "గోడ చూస్తూ నిలబడుతుంది, పిలిస్తే పలకదు" అని ఎక్కించాను. ఎంత చక్కగా గమనించానో అని నా భుజం నేనే తట్టుకున్నాను.

పట్టిక రోజు వచ్చింది. పాపని చాప మీద కూర్చోబెట్టి దిమ్మెలు ముందు పోసి, ఒకదానిమీద ఒకటి పెట్టమన్నాను. తమిళంలోనే అన్నాను. (ఇంట్లో నేనూ తెలుగు మాట్లాడేదాన్నే. బాలవాడిలో మాట్లాడితే నా ఉద్యోగం చిన్నదైపోతుందని భయం.) పాప రెండు దిమ్మెలు పక్కపక్కన పెట్టింది. మూడోది ఎత్తి, ఒక కన్ను మూసి చూసి, ఆ రెండింటి మధ్య సందు మీద సరిగ్గా వచ్చేట్టు పెట్టింది. వేలి కణుపుతో టకటకా రెండు దెబ్బలు కొట్టింది.

"అట్ల కాదు. ఒకదానిమీద ఒకటి, నిలువుగా పెట్టు," అన్నాను.

పాప తల అడ్డంగా ఊపింది. "పడిపోతాది," అంది తెలుగులో. నేను చేసి చూపించబోతే నా చెయ్యి పట్టుకుని ఆపింది. పట్టిక పట్టుకున్న చేతిని మూడున్నరేళ్ళ పిల్ల ఆపడమేమిటని నాకు చిర్రెత్తింది. రంగులు అడిగాను. ఎర్రది చూపిస్తే "ఇటికె" అంది. నీలం "టార్పాలు", పసుపు "మేస్త్రి టోపీ", పచ్చది "వల". కట్టే మేడలకి చుట్టూ పచ్చవల కడతారని నాకు అప్పుడు గుర్తుకు రాలేదు. ఒంటికాలి మీద నిలబడమంటే ముందు నేలంతా చూసింది, పాదంతో తుడిచింది, ఎక్కడా మేకులు లేవని నిశ్చయించుకునే లోపల నా లెక్క అయిపోయింది. మూడింటికీ ఎర్రచుక్క పెట్టి, పంపు అన్న మీట నొక్కాను. ఇది మధ్యాహ్నం సంగతి. సాయంత్రానికి మేడం నుంచి ఫోను వచ్చింది, మూడు ఎర్రచుక్కలు పడితే బిడ్డని ధర్మపురి పెద్దాసుపత్రిలో చూపించాలని. మరునాటికి మా ఆయా పుణ్యమా అని నీళ్ళకుళాయి దగ్గర అందరి నోటా ఒకటే మాట, సిమెంటు పాపకి బుర్ర ఎదగలేదంట అని. ఇద్దరు తల్లులు వాళ్ళ పిల్లల్ని ఆ పిల్ల పక్కన కూర్చోబెట్టవద్దని నాకే చెప్పిపోయారు.

మూడోరోజు అవ్వ వచ్చింది. నా కోపం గురించి ఇంతసేపు గొప్పలు చెప్పాను గానీ, ఆ రోజు అసలు కోపం ఎలా ఉంటుందో చూశాను. అరవలేదు. గుమ్మంలో చెప్పులు విడిచి, నా ముందు కూర్చుంది.

"ఏం తల్లీ, మా పాపకి బుద్ధి మాంద్యమని రాసినావంటనే?"

"నేను రాయలేదు అవ్వా. ఫోనే అట్ల చెప్పింది."

"ఫోనుకి చెప్పింది ఎవురు?"

నేను గవర్నమెంటు ట్రైనింగు గురించి చెప్పాను. దిమ్మెలు నిలబెట్టడం గురించి, పాప నా మాట వినకపోవడం గురించి చెప్పాను. గొంతు పెంచే చెప్పాను. అవ్వ అంతా విని లేచి, నా మణికట్టు పట్టుకుని వంటగది గోడ దగ్గరికి లాక్కుపోయింది. "దీన్ని చూడు. జాయింటు మీద జాయింటు పెట్టి కట్టినాడు ఎవుడో, అందుకే నిలువునా చీలింది. కింద రెండు ఇటికెల నడుమ పై ఇటికె కూచోవాల. మా ఇంట్లో పాలు మరవని బిడ్డకి తెలుసు అది. అది దినామూ వచ్చి నీ గోడ చీలింది చూడమని చెప్తా ఉంటే, నువ్వు దానికే బుర్ర లేదని రాసినావు. నువ్వు ఎన్ని గోడలు కట్టినావు తల్లీ?"

నేను ఒక్క గోడ కూడా కట్టలేదు. ఆ మాట చెప్పలేక కోపం తెచ్చుకున్నాను. ఈసారి మాత్రం ఆ కోపం దారి తప్పకుండా మేడం మీదికి పోయింది. ఫోను చేసి ఎర్రచుక్కలు తీసేయమన్నాను. ఒకసారి ఎక్కాక తీయడం కుదరదమ్మా అంది. నేను అరిచిన అరుపులకి అన్నం తింటున్న పిల్లలు ముద్దలు నోటి దగ్గరే ఆపేశారు. ఆ వారంలోనే మేడం వచ్చింది. ఆయా ఇచ్చిన టీ గ్లాసు పక్కన పెట్టుకుని, స్టాకు రిజిస్టరు ముందు పరుచుకుని, "ఏదీ, ఆ బిడ్డ చేత చేయించు," అంది. సిమెంటు పాప కూర్చుని మూడు వరసల గోడ కట్టింది, చివరన సగం దిమ్మె లేక చుట్టూ వెతికింది కూడా.

"బాగుంది గానీ, పట్టికలో నిలువుగా అని ఉంది," అంది మేడం.

"నిలువుగా పెడితే ఏమవుతుందో చూడండి మేడం," అని నేనే మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు, కోపంలో నా చేతికి అంతు లేదు, తొమ్మిది దాకా పెట్టాను. పాప రెండడుగులు వెనక్కి జరిగి, పక్కనున్న పిల్లవాణ్ణి కూడా చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. పదోది పెడుతుండగా గోపురం మొత్తం వచ్చి టీ గ్లాసు మీద పడింది, టీ అంతా స్టాకు రిజిస్టరు మీద పడింది. పన్నెండు దిమ్మెలు అన్న చోటే సరిగ్గా పెద్ద మరక. మేడం చీర దులుపుకుంది. "పడిపోతాదని చెప్తిని గదా," అంది పాప. మేడం తెలుగు రాకపోయినా అర్థం చేసుకున్నట్టుంది, నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగింది. కానీ చుక్కలు మాత్రం తీయలేదు. "నువ్వు చెప్పేది నిజమేనమ్మా, కానీ గోడ కట్టింది అని రాయడానికి ఇందులో చోటు లేదు. ఆసుపత్రి కాగితం తీసుకురా," అంది. ఆ చోటు లేకపోవడం మీద నాకు ఇప్పటికీ కోపమే.

ధర్మపురికి నేనూ వెంట పోయాను. పాప కిటికీ పక్కన కూర్చుని దారిలో కడుతున్న ఇళ్ళన్నీ తనిఖీ చేస్తూ వచ్చింది. వాళ్ళమ్మ ఆ రోజు పని మానుకుని వచ్చింది. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. సగం దారిలో మెల్లగా అడిగింది. "టీచరూ, నేను చంటిబిడ్డని తీసుకపోయి ఎండలో ఇటికెల మీద పండబెట్టినాను. అందుకే దీనికి ఇట్లయిందా? రేపు బడిలో చేర్చుకోరా?" అంతవరకూ నేను ఎవరెవరి మీద కోపపడ్డానో వాళ్ళందరూ ఒక్కొక్కరే ఆ బస్సు దిగిపోయినట్టయింది, చివరికి కోపపడటానికి నేనొక్కదాన్నే మిగిలాను. పాప తెలుగులో చెప్పిన నాలుగు మాటలు అర్థమై కూడా అర్థం కానట్టు ఎర్రచుక్క పెట్టినది ఫోను కాదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఖాళీ మందు డబ్బాలు నాలుగు బల్ల మీద పెట్టింది. పాప ఏం చేసిందో చెప్పక్కర్లేదు. డాక్టరమ్మ నవ్వి, బిడ్డ బాగానే ఉందని కాగితం రాసింది. పాప తల్లి ఆ కాగితాన్ని చదవలేకపోయినా రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "పిల్లలు ఆ దిమ్మెలతో రోజూ ఎంతసేపు ఆడుకుంటారు?"

"నెలకొక రోజు డాక్టరమ్మా. పట్టిక నింపే రోజు."

ఆమె తలూపి, తర్వాతి బిడ్డ చీటీ అందుకుంది. ఏదైనా అని ఉంటే నేను కోపం తెచ్చుకుని బతికిపోయేదాన్ని.

మరునాడు పొద్దున పిల్లలందరి ముందూ బీరువా తెరిచి దిమ్మెల పెట్టె చాప మీద కుమ్మరించాను. మళ్ళీ లోపల పెట్టలేదు. నెల తిరగకుండానే ఒకటి పోయింది, తర్వాత ఇంకో రెండు. జీవితంలో మొదటిసారి సంజాయిషీ రాశాను. "పిల్లలు ఆడుకున్నందువల్ల తగ్గినవి" అని ఒక్క వాక్యమే రాశాను, అది కూడా కోపంగానే. నా ఉద్యోగం పోలేదు, ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అంత భయపడి కాపలా కాసింది దీనికా అనిపించింది. సెలవు రోజున పాప తండ్రి వచ్చి చీలిన గోడ ఆ మేరకు విప్పి మళ్ళీ కట్టిపోయాడు, పాప పక్కన నిలబడి ఇటుకలు అందించింది.

అది జరిగి ఏడేళ్ళు. ఫోను మారింది, పట్టిక పొడుగైంది, గోడ గురించి రాయడానికి చోటు ఇప్పటికీ లేదు. నేను పక్కన ఒక నోటుబుక్కులో రాసుకుంటాను. సిమెంటు పాప ఇప్పుడు పెద్దబడిలో చదువుతోంది, తలలో దుమ్ము లేదు, రెండు జడలు వచ్చాయి. వాళ్ళ తమ్ముడు నా దగ్గరే ఉన్నాడు. మొన్న సాయంత్రం వాణ్ణి తీసుకుపోవడానికి వచ్చింది. వాడు మిగిలిన తొమ్మిది దిమ్మెలూ ఒకదానిమీద ఒకటి నిలువుగా పేరుస్తున్నాడు. ఏడో దిమ్మెకి గోపురం ఊగింది. నేను ఆపుకోలేక చెయ్యి చాచాను, ఆ పిల్ల మళ్ళీ నా చెయ్యి పట్టుకుంది.

"పడనీలే టీచరూ. పడితేనే వాడికి తెలిసేది," అని, కొంచెం ఆగి, "నీకు తెలవలా?" అంది.

కోపం వస్తుందేమోనని ఒక క్షణం ఎదురు చూశాను. రాలేదు. నడుముకి తాళంచెవి కట్టుకుని, పన్నెండు దిమ్మెలకి కాపలా కాస్తూ, తొమ్మిది నిలబెట్టి పదోది ఎత్తిన ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఇద్దరం రెండడుగులు వెనక్కి జరిగి నిలబడ్డాం.