దిగుడుబావికి కాపలా

మొన్న మా వీధికి ఆరోగ్యశాఖ అమ్మాయి ఒకతి వచ్చింది. నీళ్ళ తొట్లలో దోమపిల్లలు ఉన్నాయేమో చూసి, ఏదో మందు రెండు చుక్కలు వేసిపోవడం ఆమె పని. నేను తొట్టికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆ సీసాలో ఏముంది, ఎవరు పంపించారు, ఇదే మందు మీ ఇంట్లో వేసుకుంటావా అని ఆరా తీశాను. "మీ అంత అనుమానం ఈ వీధిలో ఎవురికీ లేదవ్వా" అని ఆ పిల్ల నవ్వింది. నిజమే మరి. అది మా జేజి, అంటే మా నాయనను కన్నతల్లి, నాకిచ్చిపోయిన ఆస్తి. నగానట్రా ఏమీ మిగల్చలేదు గానీ అనుమానం మాత్రం తరుగు లేకుండా అప్పజెప్పింది.

మాది పత్తికొండ దగ్గర ఒక పల్లె. ఊరికంతటికీ తాగే నీళ్ళు ఒక్క దిగుడుబావిలోవే. వానలు పడిన ఏడు నాలుగు మెట్లు దిగితే చాలు, ఎండాకాలం అడుగుమెట్టు దాకా పోవాలి. మోకాళ్ళ దాకా నీళ్ళలోకి దిగి, పైన తేలే నలకల్ని కడవ అంచుతో అటూ ఇటూ తోసి ముంచుకోవడమే. మా అక్కకు అప్పుడు పద్నాలుగేళ్ళు. నెత్తిన ఒక కడవ, చంకలో ఒక కడవ పెట్టుకుని ఆ మెట్లన్నీ పరుగున ఎక్కేది, చుక్క తొణికేది కాదు. దాని కాళ్ళు జింక కాళ్ళని ఊరంతా చెప్పుకునేది, వింటూ జేజి మురిసిపోయేది. నా కాళ్ళ గురించి ఎవరూ ఏమీ అన్నట్టు నాకు గుర్తులేదు.

యుద్ధం రోజులవి. బియ్యానికి కంట్రోలు, కిరసనాయిలుకు కంట్రోలు. సర్కారు మనిషి కనబడితే మావాళ్ళు వాకిలి మూసుకునేవారు. అట్లాంటి ఒక ఎండాకాలంలో హెల్తు ఇనస్పెక్టరు ఒకాయన సైకిలు తోసుకుంటూ వచ్చాడు. బనగానపల్లె సాయిబు, మనిషి నెమ్మది. బావిలోకి దిగాడు, గాజుబుడ్డిలో నీళ్ళు పట్టాడు, ఎండకు ఎత్తి చూశాడు, ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు. అంతే. సరిగ్గా మరుసటి ఎండాకాలానికి ఊళ్ళో నారికురుపు లేచింది. కాలి మీద బొబ్బ పొంగి, నిప్పు పెట్టినట్టు మండి, చితికి, అందులోంచి తెల్లటి దారంలాంటి పురుగు తల బయటపెట్టేది. దాన్ని చీపురుపుల్లకు చుట్టి రోజుకు ఇంతని లాగాలి. తొందరపడి తెంచామా, కాలు చీముపట్టి పోతుంది. అంతకుముందు ఏళ్ళలో రాలేదా అంటే, వచ్చేది. కానీ అప్పుడది మన జబ్బు, ఇప్పుడు సర్కారు జబ్బు. "వాడే బావిలో ఇత్తనం ఏసిపోయినాడు" అని జేజి తేల్చేసింది. ఊరు ఊరంతా ఔనంది. ఆ కురుపు జేజి చీలమండ మీదా లేచింది.

ఆ నెలలోనే సాయిబు మళ్ళీ వచ్చాడు, ఈసారి చేతిలో ఉత్తరువుతో. దిగుడుబావులకు మెట్లు మూసి, చుట్టూ గోడ కట్టి, గిలక బిగించాలని మద్రాసు నుంచే వచ్చిందట. మేస్త్రీ వచ్చేదాకా ఎవరూ నీళ్ళలో కాలు పెట్టవద్దని, నీళ్ళు గుడ్డలో వడగట్టి తాగమని చాటింపు వేయించాడు. మెట్లు మూస్తే బావి సర్కారుదైపోతుందనీ, ఆపైన నీళ్ళకు కూడా కార్డు పెడతారనీ ఊళ్ళో గుబులు పుట్టింది. దాంతో జేజి కాపలాకు దిగింది. తెల్లారగానే పోయి అడుగుమెట్టు మీద కూర్చుంటే పొద్దు తిరిగేదాకా లేచేది కాదు. మండే కాలు నీళ్ళలో పెట్టుకునేది, కాపలాకు కాపలా, కాలికి హాయి. అక్క ఆమె పక్కనే కడవలు ముంచుకుని పోయేది.

అట్లా మూడు వారాలు గడిచాక, ఒకనాడు జేజి ఇంకా మెట్లు దిగుతుండగానే సాయిబు ఎదురొచ్చాడు. అక్కా నేనూ కడవలతో ఆమె వెనకే ఉన్నాం.

"ఏమప్పా, మళ్ళా ఏం కలపను వచ్చినావు?" అంది జేజి.

"ఏమీ కలపను అవ్వా. ఆ కాలు మాత్రం నీళ్ళలో పెట్టొద్దు."

"ఓహో! నువ్వు వచ్చిపోయిన ఏడాదికే గదా ఈ పురుగొచ్చింది?"

"ఏడాదికే వస్తాదవ్వా. నిరుడు తాగినేది ఈ ఏడు బయటపడుతాది. నేను వచ్చేటప్పటికే అది నీళ్ళలో ఉండాది."

"మాటలు శానా నేర్చినావు" అంది జేజి.

ఆయన వాదం పెట్టుకోలేదు. అక్కతో నల్లటి మట్టిమూకుడు తెప్పించి, దాన్నిండా నీళ్ళు పోయించాడు. "ఇందులో పెట్టు కాలు. నేను ముట్టుకోను, నా చేతులు చూస్తాండు" అని చేతులు వెనక్కు కట్టుకుని దూరంగా నిలబడ్డాడు. జేజి ఆ చేతులనే చూస్తూ కాలు పెట్టింది. కాసేపటికి పురుగు తల దగ్గర నుంచి పాలలాంటిది సన్నగా కారి, నల్లటి మూకుట్లో తెల్లగా విచ్చుకుంది.

"పాలు కాదవ్వా, దాని పిల్లలు. ఇవి పడిన నీళ్ళు తాగినోళ్ళకు మళ్ళా ఏటికి ఇదే పురుగు లేస్తాది."

జేజి మూకుడు వైపు చూసింది. తర్వాత అక్క వైపు చూసింది. మూడు వారాలుగా మా ఇంట్లో అందరం తాగింది, ఆమె కాలు పెట్టుకుని కూర్చున్న చోట అక్క ముంచి తెచ్చిన నీళ్ళే.

ఆ మధ్యాహ్నం జేజి తన చేత్తోనే కంపముళ్ళు ఈడ్చుకొచ్చి మెట్లకు అడ్డం వేసింది. పైనుంచి చేదతో తోడుకోండి పొండి అంది. కారణం అడిగితే కసిరింది. సాయిబు ఆమెకు మందు పెట్టాడని ఊరంతా గుసగుసలాడింది. గోడ లేచింది, గిలకా వచ్చింది. కానీ తాగినవి తాగినట్టే గదా! ఆ ఏడాదంతా జేజి పొద్దున్నే అక్కను కూర్చోబెట్టి, దాని కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని వేళ్ళతో తడిమేది. "ఏం వెతుకుతాండావు జేజీ?" అంటే, "ముల్లేమన్నా ఇరిగిందేమో చూస్తాండా" అనేది. నా కాళ్ళూ చూసేది, కాస్త తొందరగా.

ఎండాకాలం రాగానే అక్క మోకాలి వెనక బొబ్బ లేచింది. జేజి పనులన్నీ వదిలేసి దాని పక్కనే కూర్చుని, ఆముదం రాస్తూ, పురుగును పుల్లకు చుట్టింది. ఇంకో నాలుగు రోజులైతే అంతా వచ్చేసేది, నొప్పి తాళలేక అక్క కాలు విదిల్చింది. పురుగు తెగింది. కాలు వాచి, చీముపట్టి, మోకాలు వంగినది వంగినట్టే బిగుసుకుపోయింది. "ఆ సాయిబు చేతులు పడిపోను!" అని అక్క ఏడ్చింది.

జేజి చేతిలోని పుల్ల కింద పెట్టింది. "ఆయప్పను అనొద్దమ్మీ. నేనే. నా కాలే నీ కాలు తినింది" అంది. "ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆయప్ప పట్టి సూపిచ్చినాడు."

"నీకు తెలీదు గదా జేజీ" అంది అక్క.

"మెట్లు దిగకముందే చాటింపు ఇన్యాను. ఇనీ నమ్మల్యా" అని జేజి కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమె ఏడవడం నేను చూసింది అదొక్కసారే.

ఆ తర్వాతి ఎండాకాలం మా ఊళ్ళో ఎవరి కాలిమీదా బొబ్బ లేవలేదు. గిలక కిర్రుమన్నప్పుడల్లా జేజి తల వంచుకునేది.

ఇదంతా చెప్పలేదు గానీ, ఆ అమ్మాయి కోసం నేను కుర్చీ పక్కకు జరిపాను. చుక్కలు వేసి వెళ్ళాక తొట్టిలోకి ఒకసారి తొంగి కూడా చూశాను, పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది! నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. మాకూ తెలిసింది, ఒక ఏడాది ఆలస్యంగా. ఆ ఒక్క ఏడాది ఆలస్యానికి మా అక్క బతికినన్నాళ్ళూ కుంటుతూనే నడిచింది.