మఫిన్ ట్రేలో హీబ్రూ అక్షరాలు

నేను అసూయపడిన మగవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళలో డెబ్బై ఎనిమిదేళ్ళ వాడు మాత్రం ఒక్కడే.

ఆయన మా ఆఫీసులో పనిచేసే అమ్మాయికి తాతయ్య. తెనాలిలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో కంపోజిటర్‌గా నలభై ఏళ్ళు సీసపు అక్షరాలు పేర్చి రిటైరయ్యారు. ఆరునెలలు మనవరాలి దగ్గర ఉందామని అమెరికాలోని ఈ నోవై ఊరికి వచ్చారు. ఆమె ఇక్కడే పుట్టింది. వారమంతా కార్ల బ్రేకులకు సాఫ్ట్‌వేర్ రాస్తుంది, ఆదివారాలు నలుగురు స్నేహితులతో కలిసి బేస్‌మెంట్‌లో మంత్రవిద్య సాధన చేస్తుంది. నిమ్మకాయలూ పుర్రెలూ ఊహించుకోకండి. కొవ్వొత్తులు, యోగా మ్యాట్లు, మూలన గుర్రుమంటూ గాల్లో తేమ లాగే ఒక డీహ్యూమిడిఫయర్. ఈసారి తొమ్మిదడుగుల కాన్వాస్ గుడ్డ మీద వలయం గీసి, దాని అంచు చుట్టూ దేవుడి పేర్లు హీబ్రూలో రాసి, మధ్యలో నిలబడి ధ్యానం చేద్దామనుకున్నారు.

నాకు మంత్రాల మీద నమ్మకం లేదు. ఆమె మీద ఉంది. అందుకని అక్షరాలు నేను రాస్తానన్నాను.

"నీకు హీబ్రూ వచ్చా?"

"రాదు. నీకు?"

"నాకూ రాదు."

ఇంత స్పష్టమైన అవగాహనతో మొదలైన బంధం నాకు అంతకుముందు లేదు.

రెండు నెలలు సాధన చేశాను. ఆ లిపిలో కవలలు ఎక్కువ. దాలెత్, రేష్ అని రెండున్నాయి. రెంటికీ పైన ఒక అడ్డగీత, దాని కుడిచివర నుంచి కిందికి ఒక నిలువుగీత. ఆ రెండు గీతలూ కలిసే మూల కోసుగా పొడుచుకొస్తే దాలెత్, గుండ్రంగా వంగితే రేష్. హే, హెత్‌లది ఇంకా ఘోరం. ఎడమకాలు పైగీతను తాకిందా లేదా అన్నంతే తేడా. ఆమె మంత్రాల పుస్తకంలోంచి పేర్లన్నీ చార్టు కాగితం మీదికి శుభ్రంగా ఎత్తి రాశాను. అది చూసుకుంటూ పాత దుప్పటి మీద బ్రష్‌తో వలయమంతా ఒకసారి రాసి చూశాను.

అప్పుడు తాతయ్యగారు కాఫీ కప్పుతో మెట్లు దిగారు.

"ఈ రెండూ ఒకటేనా బాబూ?"

"కాదండీ. ఒకటి దాలెత్, ఒకటి రేష్."

"ఏది ఏది?"

చూశాను. మళ్ళీ చూశాను. "అది సందర్భాన్ని బట్టండీ."

"అక్షరానికి సందర్భవేంటోయ్!" అన్నారాయన. ఆమె నవ్వింది. నా జోకులకు నవ్వినదానికంటే ఎక్కువే నవ్వింది.

మరుసటి ఆదివారానికి ప్రపంచం మారిపోయింది. ఆమె అట్టలో అక్షరాలు కత్తిరించి స్టెన్సిళ్ళు చేసింది. ఆయన వాటిని చిన్న కేకులు కాల్చే మినీ మఫిన్ ట్రే గుంటల్లో సర్దారు. ఒకేలా ఉండే అక్షరాలను పక్కపక్కన పెట్టలేదు, దాలెత్ ఈ చివర, రేష్ ఆ చివర.

"ఒకచోట పెడితే చెయ్యి మోసపోద్దమ్మా. మా టైపు కేసుల్లో గడులిట్టాగే ఉండేయి."

"తాతయ్యా, యూ ఆర్ ఎ జీనియస్! ఇంక హ్యాండ్‌తో రాయక్కర్లేదు" అంది, ఆ రెండో మాట నావైపు తిరిగి.

ఆయన నా చార్టు చూస్తూ స్టెన్సిల్ పెట్టడం, ఆమె పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని రంగు అద్దడం. రెండు తలలూ దగ్గరగా, మధ్యలో ముసిముసి నవ్వులు. నాకు రంగు కలిపే ఉద్యోగం ఇచ్చారు. పెద్దాయన కదా, గౌరవించాలి. గౌరవిస్తూనే ఆయనకు మోకాళ్ళ నొప్పులు ఎప్పుడొస్తాయా అని చూశాను. రాలేదు. ఆయన రోజూ నడుస్తారట.

వలయం పూర్తయ్యాక వాళ్ళిద్దరూ టీ పెట్టుకోవడానికి పైకి వెళ్ళారు. నేను పుస్తకం తెరిచి, గుడ్డ చుట్టూ పాకుతూ, ఆయన తప్పు కోసం ఒక్కో అక్షరం వెతికాను. రెండు నెలల ప్రేమ నేర్పని హీబ్రూని ఇరవై నిమిషాల కుళ్ళు నేర్పింది. దొరికింది! ఒక పేరులో దాలెత్ ఉండాల్సిన చోట రేష్ ఉంది.

"తాతయ్యగారూ!" అని మేడ అదిరేలా పిలిచాను. గొంతులో బాధ ధ్వనించేలా జాగ్రత్తపడ్డాను.

ఆయన వచ్చి గుడ్డ చూశారు, నా చార్టు చూశారు. "కాపీలో గుండ్రంగానే ఉంది బాబూ. కాపీ ఎట్టాగుంటే అట్టా పెట్టడమే మా పని. మేం దిద్దితే రాసినాయనకి కోపం."

ఆమె చార్టు అందుకుంది. "ఇది నీ రైటింగే కదా?"

నాదే. పుట్టినప్పటి నుంచీ తెలుగు రాసిన చెయ్యి, మూల కనిపిస్తే సున్నా చుట్టకుండా ఉండలేదు. ఆ మాట చెప్పాను. ఎవరూ నవ్వలేదు, మొదటిసారి అది నాకు న్యాయంగానే అనిపించింది.

ఆమె బ్రష్ తీసి తాతయ్యకు ఇచ్చింది. ఆయన దాన్ని వేళ్ళ మధ్య తిప్పారు. ఒక క్షణం చూసుకుని నాకు అందించారు. "రాసినోడే దిద్దాలి."

మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఆమె ఒకవైపు, ఆయన ఒకవైపు. ఒక్క చిన్న గీత. మూల బయటికి పొడుచుకొచ్చింది.

"పర్ఫెక్ట్" అంది ఆమె, వెంటనే ఆయనవైపు తిరిగి, "కదా తాతయ్యా?"

"పర్లేదు" అన్నారాయన, పైన తన కుర్చీలోకి వెళ్తూ.

గుడ్డంతా ఆయనది, ఆ మూల ఒక్కటే నాది. ఆమె దాని మీదికి వంగి, రంగు ఆరేదాకా ఊదుతూ కూర్చుంది. టీ చల్లారిపోతోందని ఆయన రెండుసార్లు పిలిచారు. ఆమె లేవలేదు. రెండుసార్లే, నేను లెక్కపెట్టాను.